ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఎటు పోతున్నాయి?

ప్రశ్న: చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటున్నాం. బేస్‌మెంట్‌లో మొదటిసారి బీరు పెట్టాను. ఐదు గ్యాలన్ల పేల్ ఏల్. ఆరున్నర గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్‌కి కింద కుళాయి, మూత మీద మూడు ముక్కల ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు పుట్టే గ్యాస్‌ను నీళ్లగుండా బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం) ఉన్నాయి. మొదటి మూడు రోజులు బుడగలు బాగా వచ్చాయి. నాలుగో రోజు నుంచి ఎయిర్‌లాక్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి. నింపితే మర్నాటికి సగమే ఉంటున్నాయి, నిన్నయితే పూర్తిగా ఖాళీ. ఎంతవరకు పులిసిందో తెలుసుకోవడానికి నాలుగో రోజు నుంచి రోజూ పొద్దున కుళాయి తిప్పి హైడ్రోమీటర్‌తో చూస్తున్నాను. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. ఎయిర్‌లాక్‌లో పోసినవి మామూలు కుళాయి నీళ్లే. హీటర్ వేడికి ఆవిరైపోతున్నాయా? బీరు పాడైందా? వచ్చే వారం గ్యారేజీ ఫ్రిజ్‌లో రెండు రోజులు చల్లబరిచి సీసాల్లో నింపుదామనుకుంటున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉందండీ. నీళ్లు తగ్గడం నాలుగో రోజు మొదలైంది, మీరు కుళాయి తిప్పడమూ నాలుగో రోజే మొదలైంది. ఆ నీళ్లు గాల్లో కలవడం లేదు. బకెట్ లోపలికి, మీ బీరులోకి పోతున్నాయి.

హైడ్రోమీటర్ గొట్టం నిండాలంటే సుమారు 200 మిల్లీలీటర్లు పట్టాలి. కింద నుంచి అంత బీరు బయటికి వస్తే, ఆ ఖాళీలోకి అంత గాలీ పైనుంచి రావాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగ్గా కారదు కదా, గాలి కోసం రెండో చిల్లు పెడతాం. మీ బకెట్‌కు ఆ రెండో చిల్లు ఎయిర్‌లాకే. గాలి ఆ దారినే రావాలి, వస్తూ వస్తూ దారిలో ఉన్న నీళ్లను ముందు తోసుకొస్తుంది.

మూడు ముక్కల ఎయిర్‌లాక్‌ను ఒకసారి కడిగి చేతిలో పట్టుకుని చూడండి. కప్పు మధ్యలో సన్నటి గొట్టం నిలబడి ఉంటుంది, దాని మీద చిన్న గ్లాసు బోర్లించినట్టు ఇంకో ముక్క, పైన చిల్లుల మూత. లోపలి నుంచి గ్యాస్ తోసినప్పుడు బోర్లించిన గ్లాసు పైకి లేస్తుంది, దాని అంచు కింద నుంచి బుడగ బయటపడుతుంది. ఇది అనుకున్న పద్ధతి. లోపల పీడనం తగ్గితే వ్యవహారం తిరగబడుతుంది. కప్పులో నీళ్లు ఆ గ్లాసు లోపల పైకి ఎక్కి, మధ్య గొట్టం అంచు దాటగానే జారి బకెట్‌లో పడతాయి. ఇందులో పట్టేదే రెండు మూడు టీస్పూన్లు, 15 మి.లీ. అటూ ఇటూ. 200 మి.లీ. గాలి లాగే లాగుడుకు అవి ఒక లెక్క కాదు. కుళాయి కొద్దిగా తిప్పి నెమ్మదిగా పట్టిన రోజు సగం మిగిలి ఉంటాయి, గబగబా పట్టిన రోజు ఒక్క చుక్కా మిగలదు.

ఇందులో ఒక మంచి కబురు కూడా ఉంది. మూత చుట్టూ ఎక్కడైనా సందు ఉంటే గాలి అక్కడి నుంచే వచ్చేది, ఎయిర్‌లాక్ జోలికి పోయేది కాదు. నీళ్లు లోపలికి పోయాయంటే మీ మూత, రబ్బరు రింగు గట్టిగానే ఉన్నాయని అర్థం.

బీరు సంగతి. నాలుగైదు సార్లు పోయాయనుకున్నా మొత్తం 60, 75 మి.లీ. మించవు. ఐదు గ్యాలన్లంటే 19 లీటర్లు. అంత బీరులో ఆ కాసిని నీళ్లు రుచికి తెలియవు. మున్సిపల్ నీళ్లలో సూక్ష్మజీవులను చంపే క్లోరిన్ ఉంటుంది. పైగా నాలుగు రోజులు పులిసిన బీరులో ఆల్కహాలు, పులుపు, హాప్స్ (బీరులో వేసే ఒక రకం పూలు) చేదు, ఈ మూడూ సూక్ష్మజీవులకు గిట్టనివే. కాబట్టి నీళ్ల గురించి దిగులు వద్దు. ఆలోచించాల్సింది గాలి గురించి. 200 మి.లీ. గాలిలో 42 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. నాలుగో రోజు, ఐదో రోజు ఈస్ట్ ఇంకా పనిలో ఉంది కాబట్టి దొరికిన ఆక్సిజన్‌లో చాలావరకు తనే వాడేసుకుని ఉంటుంది. పులవడం ఆగిపోయాక వెళ్లే గాలే బీరును చెడగొడుతుంది. రంగు ముదురుతుంది, హాప్స్ వాసన చచ్చిపోతుంది, తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. పేల్ ఏల్ లాంటి హాప్స్ బీర్లకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కాబట్టి బీరు మీద దుప్పటిలా పరుచుకుని కాపాడుతుందని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది నమ్మకండి. వాయువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. లోపలికి వచ్చిన గాలి అలా పైపైన ఆగిపోదు.

బకెట్ మూత తెరవకుండానే ఒక పరీక్ష చేయవచ్చు. ఎయిర్‌లాక్ తీసి ఆ చిల్లు దగ్గర వాసన చూడండి. బ్రెడ్డు వాసన, హాప్స్ వాసన, కార్బన్ డయాక్సైడ్ ఘాటు, ఇవి ఉంటే సరే. వెనిగర్ వాసన ముక్కుకు కొడితే అనుమానించాలి. సీసాల్లో నింపే రోజు మూత తీసినప్పుడు బీరు మీద తెల్లటి పొడి పొర, ముడతలు పడ్డ పొర కనిపిస్తే ఇన్ఫెక్షన్. గోధుమరంగు నురగ మచ్చలు, అక్కడక్కడ తేలే ఈస్ట్ తుంపులు మాత్రం మామూలే, వాటిని చూసి పారబోయకండి.

ఇప్పుడు చేయాల్సింది. ఎయిర్‌లాక్ విప్పి, గోరువెచ్చని నీళ్లతో కడగండి. మరిగే నీళ్లు వద్దు, ఈ ప్లాస్టిక్ వంకర తిరిగిపోతుంది. స్టార్ శాన్ అనే శానిటైజర్ కలిపిన నీళ్లు దానిలో గీత వరకు పోయండి. లీటరు నీటికి ఒకటిన్నర మి.లీ. చాలు. సీసా మీద ఉండే ఐదు గ్యాలన్లకు ఒక ఔన్సు అన్న లెక్కా ఇదే. ఈ నీళ్లు ఎప్పుడైనా పొరపాటున లోపలికి పోయినా బీరుకు ఏమీ కాదు. వోడ్కా పోసినా ఫరవాలేదు గానీ, అది నీళ్లకన్నా తొందరగా ఆవిరవుతుంది, వారానికోసారైనా చూసుకోవాలి. గీత దాటి నిండా పోయకండి. ఎక్కువ పోస్తే ఎక్కువ రోజులు ఉంటుందనిపిస్తుంది, కానీ బుడగలు వచ్చినప్పుడు పైచిల్లుల్లోంచి చిందేదీ, లాగినప్పుడు బీరులో పడేదీ ఆ ఎక్కువే.

ఇక రోజూ రీడింగ్ చూడటం మానేయండి. రోజుకు 200 మి.లీ. చొప్పున పది రోజులు తీస్తే రెండు లీటర్లు, అంటే ఐదారు సీసాల బీరు పరీక్షలకే పోతుంది. పదో రోజున ఒకసారి చూడండి, మూడు రోజులు ఆగి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఒకే అంకె వచ్చి, అది మీ రెసిపీ చెప్పినదానికి దగ్గరగా ఉంటే, పేల్ ఏల్‌కు సాధారణంగా 1.010 నుంచి 1.014 మధ్య (నీటితో పోల్చిన బీరు సాంద్రత ఇది, చక్కెర పులిసేకొద్దీ ఈ అంకె దిగుతుంది), పులవడం అయిపోయినట్టే. ఎయిర్‌లాక్ బుడగలు ఆగాయని మాత్రం సీసాల్లో నింపేయకండి. చక్కెర మిగిలి ఉంటే సీసాలు పగులుతాయి.

కుళాయి తిప్పే ముందు ఎయిర్‌లాక్‌ను పైకి లాగి తీసేయండి. ఆ చిల్లు మీద శానిటైజర్‌లో ముంచిన అల్యూమినియం ఫాయిల్ ముక్క, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు, వదులుగా కప్పండి. గాలి ఎలాగూ పోతుంది, నీళ్లు మాత్రం పోవు. బీరు పట్టాక కుళాయి మూసి, దాని మూతిలోకి శానిటైజర్ కొట్టండి. అక్కడ మిగిలిన తీపి చుక్క మీదికి నుసుములు చేరతాయి. తర్వాత ఎయిర్‌లాక్ తిరిగి పెట్టేటప్పుడు మూతను అరచేత్తో నొక్కకండి. ప్లాస్టిక్ మూత నొక్కితే లోపలికి వంగి గ్యాస్ బయటికి తోస్తుంది, చెయ్యి తీయగానే పైకి లేచి నీళ్లు లాగేస్తుంది. మూత బిగుతు చూడటానికి రోజూ ఇలా నొక్కి, రోజూ నీళ్లు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. బకెట్‌ను చేతుల్లోకి ఎత్తినప్పుడు పక్కలు నొక్కుకుపోయి ఇలాగే అవుతుంది. ఎత్తాల్సి వస్తే ముందు ఎయిర్‌లాక్ తీయండి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా నీళ్లు తగ్గితే, నింపే ముందు ఎటు పోతున్నాయో తేల్చుకోండి. నింపుకుంటూ పోతే ఆనవాళ్లు చెరిగిపోతాయి. నీళ్లు పోవడానికి దారులు మూడే: లోపలికి, బయటికి చిందడం, ఆవిరి. పగులు ఉంటే నాలుగోది.

ఆవిరి అవునా కాదా తేల్చడానికి రెండో ఎయిర్‌లాక్ ఒకటి కొనండి, రెండు డాలర్ల వస్తువు. దాంట్లో అదే గీత వరకు అవే నీళ్లు పోసి, ఖాళీ సీసా మూతిలో నిలబెట్టి బకెట్ పక్కనే పెట్టండి. రెండింటి మీదా మార్కర్ పెన్నుతో గీత గీయండి. రెండు రోజుల తర్వాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరి. బకెట్ మీదిదే తగ్గితే లోపల ఏదో జరుగుతోంది. చికాగో చలికాలంలో ఫర్నేస్ గాలి బాగా పొడిగా ఉంటుంది, వెంట్ నేరుగా బకెట్ మీదికి కొడుతుంటే ఆవిరి ఇంకా ఎక్కువ. అయినా పైమూత పెట్టి ఉన్న ఎయిర్‌లాక్ ఒక్క రాత్రిలో ఎండిపోదు. ఆ చిల్లుల మూత దుమ్ము పడకుండా పెట్టిందేనని చాలామంది పక్కన పడేస్తారు, ఆవిరిని ఆపేదీ అదే. నెలల తరబడి ఉంచే బీర్లయితే నీళ్లలో ఆహారానికి వాడే గ్లిజరిన్ కలపండి, అది సులువుగా ఆవిరి కాదు.

చిందడం మొదటి మూడు రోజుల బాధ. 1.050 దగ్గర మొదలై 1.010కి దిగే ఐదు గ్యాలన్ల బీరు మొత్తం మీద సుమారు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, అందులో ఎక్కువ భాగం ఆ మొదటి రోజుల్లోనే. 15 మి.లీ. నీళ్లలోంచి గంటకు లీటర్ల కొద్దీ గ్యాస్ పోతుంటే తుంపర లేవకుండా ఉండదు. చిల్లుల మూత లోపలి వైపు చుక్కలు, ఎయిర్‌లాక్ చుట్టూ బకెట్ మూత మీద తడి, ఇవీ గుర్తులు. ఆ తడి జిగటగా, గోధుమరంగులో ఉంటే చిందింది నీళ్లు కాదు, నురగే పైకి వచ్చింది. ఎండాకాలంలో ఇడ్లీ పిండి గిన్నె దాటి పొంగినట్టే ఇదీ. నురగలో హాప్స్ ముక్కలు ఎయిర్‌లాక్ సందుల్లో ఇరుక్కుంటే గ్యాస్‌కి దారి మూసుకుపోయి మూత ఎగిరిపడుతుంది, బేస్‌మెంట్ సీలింగ్ కడుక్కోవాల్సి వస్తుంది. అలా మూసుకుపోయినట్టు కనిపిస్తే మొహం పక్కకు పెట్టి, ఎయిర్‌లాక్‌ను నెమ్మదిగా వదులుచేసి తీసి, ఫాయిల్ కప్పండి. గ్యాస్ బయటికి జోరుగా పోతున్నంతసేపు ఒక గంట ఎయిర్‌లాక్ లేకపోయినా నష్టం లేదు.

గోధుమ బీరు, లేదా 1.070 దాటిన గట్టి బీరు పెట్టే రోజున ముందే ఎయిర్‌లాక్‌కు బదులు లావుపాటి గొట్టం బిగించి, దాని రెండో కొసను శానిటైజర్ ఉన్న సీసాలో ముంచండి. ఒక అంగుళం మునిగితే చాలు, లోతుగా ముంచితే ఆ నీటి బరువంతా మూత మీద పీడనంగా పడుతుంది. సీసా నేల మీద, బకెట్ బల్ల మీద ఉండాలి. అప్పుడు రాత్రి చలికి లాగినా నీళ్లు అంత ఎత్తు ఎక్కలేవు. పొంగు తగ్గాక, నాలుగో రోజు ప్రాంతంలో, గొట్టం తీసి మామూలు ఎయిర్‌లాక్ పెట్టుకోండి.

పగులు అనుమానం ఉంటే కాగితం తువ్వాలు మీద నీళ్లు పోసిన ఎయిర్‌లాక్‌ను రాత్రంతా నిలబెట్టండి, పొద్దున తడి కనిపిస్తుంది. రబ్బరు రింగులోకి తిప్పి తిప్పి దూర్చినప్పుడు కింది కాడ మొదట్లో వెంట్రుకంత పగులు వస్తుంటుంది. ఎస్ ఆకారపు ఎయిర్‌లాకుల్లో అయితే రెండు సగాలు అతికిన చోట. అతికించే ప్రయత్నం వద్దు, పారేసి కొత్తది కొనండి. కుళాయి కింద కూడా ఒకసారి వేలు పెట్టి చూడండి. నిమిషానికి ఒక చుక్క కారినా, అంత గాలీ పైనుంచి లోపలికి పోతూనే ఉంటుంది.

చలి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఫ్రిజ్‌లో పెట్టబోతున్నారు. వేడన్నం పెట్టి మూత బిగించిన స్టీలు డబ్బా చల్లారాక ఎందుకు ఊడి రాదు? లోపలి గాలి కుంచించుకుపోయి మూతను పట్టేస్తుంది. మీ బకెట్‌లో బీరు మీద ఐదున్నర లీటర్ల ఖాళీ ఉంది. 68 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 36కి దిగితే, మన లెక్కలో 20 సెల్సియస్ నుంచి 2కి, ఆ గ్యాస్ ఆరు శాతం తగ్గుతుంది. అంటే సుమారు 340 మి.లీ. గాలిని లాగుతుంది. అక్కడితో అయిపోదు. చల్లబడ్డ బీరు కార్బన్ డయాక్సైడ్‌ను ఇంకా ఎక్కువ కరిగించుకోగలదు. పైన ఉన్న గ్యాస్‌నే తాగడం మొదలుపెడుతుంది, దాని స్థానంలోకి గాలి వస్తుంది. తగినంత సమయం ఇస్తే ఆ రెండూ కలిసి లీటరు దాటి, రెండు లీటర్ల వరకు కూడా గాలిని లోపలికి లాగగలవు. మూడు ముక్కల ఎయిర్‌లాక్ మొదటి గంటల్లోనే ఖాళీ అవుతుంది, మిగతా గాలంతా తెరిచిన దారిలో పోతుంది. గొట్టం, సీసా ఏర్పాటుతో చల్లబరిస్తే ఇంకా ప్రమాదం. ఫ్రిజ్‌లో రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి సీసాలోని శానిటైజర్ గ్లాసుల కొద్దీ బీరులోకి ఎక్కుతుంది. ఫ్రిజ్‌లో పెట్టే ముందు గొట్టాన్ని తప్పకుండా తీసేయాలి.

గాలి పోకూడదని చిల్లుకు గట్టి బిరడా కొట్టేద్దామనిపిస్తుంది. కొట్టకండి. మూత లోపలికి గుంట పడుతుంది, కొన్నిసార్లు అంచు దగ్గర వదులైపోతుంది. ఫ్రిజ్ ఆగిపోయి బీరు వెచ్చబడితే కరిగిన గ్యాస్ బయటికి వచ్చి పీడనం ఎదురు తిరుగుతుంది. గాజు పాత్రకు బిరడా కొట్టడం మరీ తప్పు.

సరైన పద్ధతి, కార్బన్ డయాక్సైడ్‌ను ముందే దాచుకోవడం. నాలుగు లీటర్లు పట్టే మైలార్ (గాలి సులువుగా దూరని ప్లాస్టిక్) సంచి, గొట్టం, ఒక క్లిప్పు ఉంటే చాలు. బీరు పెట్టిన రెండో రోజు సాయంత్రానికి బకెట్‌లోని గాలంతా బయటికి పోయి ఉంటుంది, అప్పుడు ఎయిర్‌లాక్ స్థానంలో సంచి తగిలిస్తే గంటలోపే ఉబ్బుతుంది. బిగుసుకుపోయేదాకా ఆగకుండా క్లిప్పు పెట్టి తీసి, ఎయిర్‌లాక్ మళ్లీ పెట్టేయాలి. చల్లబరిచే రోజున అదే సంచి తిరిగి తగిలిస్తే బకెట్ గాలికి బదులు తన గ్యాస్‌నే తాను లాక్కుంటుంది. ఈసారికి మీకు ఆ అవకాశం దాటిపోయింది, ఎనిమిదో రోజున సంచి నింపేంత గ్యాస్ రాదు.

అందుకని ఈ బీరుకు ఫ్రిజ్ వద్దనే మా సలహా. చల్లబరచడం ఈస్ట్‌ను తొందరగా అడుగుకు దించడానికి. ఇంకో వారం బేస్‌మెంట్‌లో కదపకుండా ఉంచితే అదే పని చాలావరకు దానంతట అదే జరుగుతుంది. సీసాల్లో కాస్త మడ్డి ఎక్కువ ఉంటుంది, గ్లాసులోకి వంచేటప్పుడు చివరి అంగుళం వదిలేస్తే సరిపోతుంది. ఇప్పటికే నాలుగైదుసార్లు గాలి తగిలిన పేల్ ఏల్‌కు, తేట కోసం మరో లీటరు గాలి పట్టించడం లాభసాటి బేరం కాదు. తప్పదనుకుంటే ఎస్ ఆకారపు ఎయిర్‌లాక్ కొని సగం వరకే నింపండి. దాంట్లో నీళ్లు ఒక బుడ్డిలోంచి ఇంకో బుడ్డిలోకి జరుగుతాయి గానీ బీరులో పడవు, గాలి మాత్రం బుడగలుగా లోపలికి పోతుంది. ఎటు లాగుతోందో చెప్పడానికి కూడా ఇదే మేలు: బకెట్ వైపు బుడ్డిలో నీళ్లు ఎత్తుగా ఉంటే లోపలికి లాగుతున్నట్టు, బయటి వైపు ఎత్తుగా ఉంటే గ్యాస్ తోస్తున్నట్టు.

ఇది చదివి ఇండియాలో మొదలుపెడదామనుకునేవారికి ఒక హెచ్చరిక. అమెరికా ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఒక పెద్దవారున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్ల బీరు చేసుకోనిస్తుంది, అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం.

మీ లెక్క ప్రకారం పదో రోజు ఎల్లుండి. ఆ రోజు ఎయిర్‌లాక్ తీసి, ఫాయిల్ కప్పి, ఒక రీడింగ్ తీసుకోండి. పదమూడో రోజున ఇంకొకటి. అంకె కదలకపోతే పదిహేనో రోజున సీసాలు కడగడం మొదలుపెట్టవచ్చు. అంకె ఇంకా దిగుతుంటే మరో మూడు రోజులు ఆగండి, ఈలోగా కుళాయి ముట్టుకోకండి.